కాశీయాత్రచరిత్ర - యాత్రికధర్మము

ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్రను విమర్శకులు తెలుగున తొలినాటి యాత్రారచనగను, ఆ కాలపు వాడుకభాషకు నిదర్శనముగను పరిశీలించియున్నారు. తాను విడిసిన ఊరియెడ యాత్రికునకు గల బాధ్యత యేమి యను ప్రశ్నకు గూడ అందు కొంత సమాధానము కలదని మా యభిప్రాయము.

చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిన వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన బయలుదేరి, హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా కాశి చేరి, గయ, కలకత్తా, జగన్నాథములను దర్శించి, 1831 సెప్టెంబరు 3వ తేదీన స్వస్థలము చేరిరి. వెంట నున్నవారు సుమారు నూరుమంది. ఇంతటి పరివారము ఒక పల్లెలో దిగినచో అచటి బావియు, అంగడియు ఎంతవరకు తాళగలవు? ఆయన మజిలీ మజిలీకి నీటివసతిని, దొరకు వస్తువులను, దిగుటకు తగిన చోటును వ్రాసిపెట్టిరి. ఇవి రాబోవు యాత్రికులకై వ్రాసినవే యైనను, గ్రామముల శక్తికి లెక్కగా గూడ మనము చదువవచ్చును.

శ్రీశైలఘట్టము ఇంకను ముఖ్యమైనది. ఆనాడు ఆ క్షేత్రము కందనూరు నవాబు ఏలుబడిలో నుండెను. యాత్రికులవలన వచ్చు రాబడిని నవాబు గైకొనుచు, గుడి బాగోగులను పట్టించుకొనుట లేదని వీరాస్వామయ్యగారు వ్రాసిరి. ఈ దోషము నవాబు ఒక్కనిదే కాదు. కుంఫిణీవారును పూరీ, గయ, ప్రయాగలలో యాత్రికులపై పన్ను గొనుచుండిరి. అది 1840లో గాని రద్దు కాలేదు. తిరుమల దేవస్థానమును 1843లో మహంతుల కప్పగించువరకు అచటి మిగులుధనము కుంఫిణీ ఖజానాకే చేరుచుండెను. యాత్రికుడిచ్చిన సొమ్ము అతడు చూడవచ్చిన చోటికి దక్కకపోవుట ఆనాటి వాడుక యన్నమాట.

అయితే ఈ గ్రంథమునకు గల ఒక పరిమితిని మరువరాదు. ఇది పల్లకి నెక్కినవారి రచన. దానిని మోసిన బోయీల మాట గాని, వీరికి చోటిచ్చిన పల్లెవారి మాట గాని వారి నోట మనకు దక్కలేదు.

నేడు శ్రీశైలమునకు బస్సులు, కార్లు పోవుచున్నవి. ఆ దారులు నల్లమలలోని పులుల అభయారణ్యము గుండ సాగును; అది చెంచుల నివాసభూమి. యాత్రికుడు వెచ్చించు రూకలలో ఆ యడవికి, ఆ జనులకు చేరున దెంత? ఇట్లడుగుట వీరాస్వామయ్యగారు లేవనెత్తిన విషయమునే తిరిగి విచారించుట. పరిశోధక విద్యార్థులు ఈ గ్రంథములోని మజిలీలను జిల్లాలవారీగ పట్టికగట్టి, ఆ యూళ్ల నేటి స్థితితో పోల్చి చూచినచో ఈ విచారము ఊహను వీడి ఆధారములపై నిలువగలదు.