వార్డులో రోగుల రద్దీ – కొత్త స్టాఫ్ నర్సు విధి నిర్వహణ
(గోదావరి డెల్టా ఆసుపత్రుల నేపథ్యంలో సమాచార వ్యాసం)

ప్రభుత్వ ఆసుపత్రిలో కొత్తగా విధులలో చేరిన స్టాఫ్ నర్సుకు తొలి వారాలలో ఎదురయ్యే ఇబ్బంది ఎక్కువగా పరిజ్ఞానానికి సంబంధించినది కాదు. ఇంజక్షన్ ఇవ్వడం, సెలైన్ పెట్టడం, కేస్ షీట్‌లో వివరాలు నమోదు చేయడం ఆమె శిక్షణలోనే నేర్చుకుని వస్తుంది. ఒకే సమయంలో పదిహేను మంది రోగులు, వారి బంధువులు ‘సిస్టర్’ అని పిలుస్తున్నప్పుడు ముందుగా ఏ మంచం వద్దకు వెళ్లవలెనన్నదే ఆమెకు కొత్త. ఈ అంశంపై పాత్రికేయులకు, అధికారులకు ఉపకరించగల కొన్ని వివరాలు ఇక్కడ పొందుపరచడమైనది.

ముందుగా లెక్కను పరిశీలించవలసి ఉన్నది. భారత నర్సింగ్ మండలి ప్రమాణాల మేరకు బోధనాసుపత్రుల సాధారణ వార్డులలో ప్రతి 3 పడకలకు ఒకరు, ఇతర సాధారణ ఆసుపత్రులలో ప్రతి 5 పడకలకు ఒకరు చొప్పున స్టాఫ్ నర్సులు ఉండాలి. సెలవుల నిమిత్తం మరో 30 శాతం అదనంగా ఉండాలి. ఈ నిష్పత్తిని పొరపాటుగా అర్థం చేసుకోవడం తరచు జరుగుతున్నది. ఇది మూడు షిఫ్టులకు కలిపి నిర్దేశించిన సంఖ్యయే గాని, ఒక సమయంలో వార్డులో ఉండే నర్సుల సంఖ్య కాదు. 36 పడకల వార్డుకు 12 మంది ఉంటే ఒక్కొక్క షిఫ్టుకు వచ్చేది నలుగురు. అనగా ఒక్కొక్కరికి 9 మంది రోగులు. 5 పడకలకు ఒకరు చొప్పున అయితే ఆ సంఖ్య 15కు చేరుతుంది. పోస్టులన్నీ భర్తీ అయి, సెలవుపై వెళ్లిన వారి స్థానంలో మరొకరు వచ్చినప్పటి మాట ఇది. పైగా ఈ లెక్క పడకలకే గాని రోగులకు కాదు. విషజ్వరాల కాలంలో రెండు మంచాల మధ్య చాప వేసి చేర్చుకున్న రోగి ఏ నిష్పత్తిలోనూ కనిపించడు.

రాజమహేంద్రవరం, ఏలూరులలో ప్రభుత్వ వైద్య కళాశాలలు 2023 సెప్టెంబరు 15న ప్రారంభమైనవి. జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రిగా మారినప్పుడు దానికి వర్తించే నర్సింగ్ ప్రమాణం కూడా మారుతుంది. బోర్డుపై పేరు మారిన సంగతి అందరికీ కనిపిస్తుంది గాని, డ్యూటీ రోస్టర్ మారినదీ లేనిదీ చూసేవారు తక్కువ.

రద్దీ ఎంత వేగంగా ముంచెత్తగలదో ఏలూరు ఉదంతం తెలియజేస్తున్నది. 2020 డిసెంబరు మొదటి వారాంతంలో ఆ పట్టణంలో ప్రజలు ఉన్నట్టుండి మూర్ఛ, వాంతులు, స్పృహ కోల్పోవడం వంటి లక్షణాలతో ఆసుపత్రికి రావడం ఆరంభమైనది. సుమారు వారం రోజులలో బాధితుల సంఖ్య 600 దాటింది. అది కోవిడ్ సంవత్సరం. రాష్ట్రంలో అత్యధిక కేసులు నమోదైన జిల్లా పక్కనే ఉన్న తూర్పు గోదావరి. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలలో రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు వెల్లడైనది. తరువాత పురుగుమందుల అవశేషాలపై కూడా అనుమానాలు వ్యక్తమైనవి. అయితే కారణం తెలిసేవరకు నర్సు ఆగడానికి వీలులేదు. మూర్ఛ వచ్చిన వ్యక్తిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, శ్వాసకు అడ్డులేకుండా చూడడం, మూర్ఛ ఎంతసేపు ఉన్నదో సమయం రాయడం, రక్తంలో చక్కెర చూడడం వ్యాధి పేరుతో నిమిత్తం లేని పనులు. వచ్చినవారిలో అత్యధికులు త్వరగానే కోలుకున్నారు. అటువంటి రద్దీలో, కోలుకోనివారిని గుంపులో నుండి గుర్తించడమే అసలైన కష్టం.

ఇందుకు అనుభవజ్ఞులైన హెడ్ నర్సులు కొత్తవారికి చెప్పే పద్ధతి సరళమైనది. డ్యూటీ అప్పగింత పూర్తికాగానే మందుల ట్రాలీ జోలికి పోకుండా, వార్డు అంతా ఒకసారి చుట్టి రావాలి. శ్వాస, స్పృహ, నాడి, రక్తస్రావం, మూత్రం – ఈ ఐదింటిలో ఏ ఒక్కటి సరిగా లేకపోయినా ఆ మంచం నంబరు చేతిలోని కాగితంపై ముందు వరుసలో చేరాలి. గట్టిగా కేకలు వేసే రోగి సాధారణంగా శ్వాస తీసుకోగలుగుతున్న రోగియే. నిశ్శబ్దంగా పడి ఉన్నవారి వద్దకు ముందుగా వెళ్లాలన్నది చదువు పుస్తకం కన్నా వార్డు త్వరగా నేర్పే పాఠం.

డెల్టాలో వరి కోతల కాలంలో వచ్చే పాముకాటు కేసు ఇందుకు మంచి ఉదాహరణ. రక్తపింజర కాటు అనుమానం ఉన్నప్పుడు 2 మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో తీసుకుని, 20 నిమిషాలు కదల్చకుండా ఉంచి, గడ్డకట్టినదీ లేనిదీ చూస్తారు. విషానికి విరుగుడు ఎక్కించడం ప్రారంభించిన తరువాత దద్దుర్లు, ఆయాసం, రక్తపోటు పడిపోవడం వంటి ప్రతిచర్యలు రావచ్చు గనుక మొదటి గంటలలో రోగిని దగ్గరుండి గమనించాలి. కట్లపాము కాటుకు గురైన వ్యక్తికి కాటు గుర్తు కూడా కనిపించకపోవచ్చు. కనురెప్పలు వాలుతున్నవేమో నర్సే కనిపెట్టాలి. రాత్రి వార్డుకు ఇద్దరు నర్సులే ఉంటే, ఇటువంటి రోగి ఒక్కరు వచ్చినా మిగిలిన రోగులందరి భారం రెండవ నర్సుపై పడుతుంది. ఆ విషయం వెంటనే డ్యూటీ డాక్టరుకు, నర్సింగ్ సూపరింటెండెంట్‌కు తెలియజేసి సహాయం కోరవలసి ఉంటుంది. సహాయం అడిగితే చేతకానిదంటారన్న సంకోచం కొత్త నర్సులలో సహజం. ఆ సంకోచానికి మూల్యం చెల్లించేది రోగి.

అదనపు రోగుల ప్రభావం అంచనాలకు అందనిదేమీ కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులపై లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం మేరకు, నర్సుకు ఒక్కొక్క రోగి అదనంగా చేరినకొద్దీ శస్త్రచికిత్స జరిగినవారిలో 30 రోజులలోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతున్నది. కాలిఫోర్నియాలో నర్సు–రోగి నిష్పత్తిని నిర్దేశించే చట్టం 2004 నుండి అమలులోకి వచ్చింది. అక్కడి నిష్పత్తి ప్రతి షిఫ్టుకు వర్తించేది గనుక మన పోస్టుల నిష్పత్తితో నేరుగా పోల్చరాదు.

వార్తలు రాసేవారు మంజూరైన పోస్టులు, ఖాళీల సంఖ్యతో పాటు అర్ధరాత్రి రోగుల లెక్కను, ఆ రాత్రి డ్యూటీ రోస్టర్‌ను పక్కపక్కన ఉంచి చూస్తే వాస్తవ భారం తెలుస్తుంది. శిక్షణలో ఉన్న నర్సింగ్ విద్యార్థినులను ఆ లెక్కలో కలపరాదు.

గోదావరి పుష్కరాలు 2003, 2015 తరువాత 2027లో రావలసి ఉన్నవి. 2015 జూలై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ వద్ద తొక్కిసలాట జరిగినది పుష్కరాల మొదటి రోజుననే. అటువంటి సందర్భాలలో డెప్యుటేషన్‌పై వచ్చే నర్సు ఎంత అనుభవం ఉన్నవారైనా ఆ వార్డుకు కొత్తవారే. అత్యవసర మందుల ట్రే, ఆక్సిజన్ సిలిండర్ తాళం, సక్షన్ యంత్రం ఎక్కడ ఉన్నవో, డ్యూటీ డాక్టరు ఫోను నంబరు ఏదో వారికి ముందు రోజే చూపించి, కనీసం ఒక షిఫ్టు స్థానిక నర్సుతో కలిసి పని చేయించడం అవసరం.