పేరు లేని నవలలు, వేటపాలెం బీరువాలు

తెలుగులో ఫాంటసీ నవలలు లేవంటారు కొందరు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పెరిగిన పాత పాఠకుల్ని అడిగి చూడండి. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు... వరసపెట్టి చెప్తారు. ఏది గొప్పదని గంటసేపు వాదిస్తారు కూడా. రాసిందెవరంటే మాత్రం చాలామంది ఆగిపోతారు.

తప్పు వాళ్లది కాదు. చందమామ ఆ సీరియల్స్ మీద రచయిత పేరు వేయలేదు. రాసింది గుంటూరు జిల్లాలో పుట్టిన దాసరి సుబ్రహ్మణ్యం గారు.

పేరు లేకపోతే గ్రంథాలయంలో వెతకడం ఎలాగండీ? రచయితల జాబితాలో దొరకదు. నెలనెలా వచ్చిన సంచికలే దిక్కు. మధ్యలో ఒక్కటి చిరిగిపోతే కథలో ఒక భాగం పోయినట్టే. 1918లో వేటపాలెంలో పుట్టిన సారస్వత నికేతనం లాంటి చోట్ల పాత పత్రికల్ని దాచడం విలువ ఇక్కడే తెలుస్తుంది.

సుబ్రహ్మణ్యం గారు 2010లో కన్నుమూశారు. ఆ నవలలు తర్వాత ఆయన పేరుతోనే పుస్తకాలయ్యాయి. ఇంతకాలం కథని బతికించింది పాఠకుల జ్ఞాపకం, పాత సంచికలు. మీ అటక మీద పాత చందమామలుంటే తూకానికి వేయకండి, దగ్గర్లోని గ్రంథాలయంలో అడగండి. వాళ్ల దగ్గర లేని సంచిక మీ దగ్గరుండొచ్చు.