మన్యం జీపులకు పంపు పెంచితే ముప్పే

పాడేరు, అరకు మన్యం దారుల్లో జీపు ఎత్తు ఎక్కలేకపోతే చాలామంది చోదకులు ముందుగా చేయి పెట్టేది డీజిల్ పంపు మీదనే. స్క్రూ తిప్పి ఇంధనం పెంచితే ఊపు వస్తుంది, నిజమే. అయితే తగిన గాలి అందక అది పూర్తిగా మండదు; నల్లపొగ వెలువడుతుంది, వేడి హద్దు మీరి పిస్టన్ దెబ్బతినే ప్రమాదమూ ఉంది. అసలు లోపం తరచుగా దుమ్ముతో పూడుకుపోయిన ఎయిర్ ఫిల్టరులోనే ఉంటుంది. ఆయిల్ బాత్ ఫిల్టరయితే అడుగున నూనె బురదగా మారగానే మార్చాలి.

వానాకాలంలో వాగులు మరింత గండం. గాలి గొట్టం మునిగి సిలిండరులోకి నీరు చేరితే, నీరు గాలివలె కుదించుకుపోదు కనుక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వాగు మధ్య ఇంజిను ఆగినప్పుడు సెల్ఫ్ కొట్టడమే పెద్ద పొరపాటు. బండిని ఒడ్డుకు లాగించి, ఇంజెక్టర్లు విప్పి, నీటిని వెళ్లగొట్టిన తరువాతే తిప్పాలి. డిప్‌స్టిక్‌పై నూనె పాలరంగులో కనిపిస్తే మార్చక తప్పదు. గేర్‌బాక్సు, యాక్సిల్ నూనెలనూ పరీక్షించాలి.

టర్బో బండినయితే ఘాట్ ఎక్కిన వెంటనే ఆపక, ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచడం మేలు.

తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తోంది. ఇంజిను మార్పిడికి ముందే రిజిస్ట్రేషన్ అధికారిని సంప్రదించాలి.