బంగారు రంగు రోబో ఎందుకు పొడైంది?

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు అనే మేం కూడా ఇంటర్ దాకా చదువుకున్నాం. ఈసారి ఒక ఆటబొమ్మ చరిత్ర రాస్తున్నాం. పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

చూస్తే లారీ. కీళ్లు తిప్పి మడతలు విప్పితే చేతులూ కాళ్లూ ఉన్న రోబో. ఇట్లాంటి బొమ్మలు జపాన్‌లో టకారా అనే కంపెనీ చేసేది. ఆ అచ్చుల్ని అమెరికాలోని హాస్‌బ్రో తీసుకుని 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ అనే పేరుతో అమ్మింది. మన దేశంలో హాస్‌బ్రో, టైర్లు చేసే ఎమ్మారెఫ్ కలిసి 1987లో ఫన్‌స్కూల్ మొదలుపెట్టినాయి. ఫ్యాక్టరీ గోవాలో. కానీ ఆ బొమ్మలు పట్నాల షాపుల్లో అద్దాల వెనకాల ఉండేవి. మన తండాలకు, గూడేలకు వచ్చినవి తిరునాళ్ల బొమ్మలే. మహానంది శివరాత్రికో, అహోబిలం తిరునాళ్లకో గోనెపట్ట పరిచి అమ్మే పేరులేని నకళ్లు. 2001లో దిగుమతుల మీద మిగిలిన ఆంక్షలు కూడా ఎత్తేసినాక చైనా బొమ్మలు ఇంకా ఎక్కువైనాయి.

మా హాస్టల్లో ఒక సీనియర్ అన్న ట్రంకు పెట్టెలో అట్లాంటి నకలు రోబో ఒకటి ఉంది. వాళ్ల నాయన నంద్యాలలో మూటలు మోసే పనికి వచ్చినప్పుడు, 1990లలో, పెద్ద కొడుక్కి కొన్నది. మొన్న అన్న దాన్ని బయటికి తీసి చెయ్యి తిప్పంగానే భుజం కాడ పుటుక్కుమని విరిగింది. పక్కనున్న పిల్లోడు "చీప్ సరుకు కదన్నా, ఎన్నాళ్లుంటుంది" అన్నాడు. అన్న మెల్లగా "రెండు రోజుల కూలి రా అది" అన్నాడు. ఆ మాటకి ఎవరం ఏమీ అనలేకపోయినాం.

చీప్ కాబట్టే విరిగిందా? ఈ ప్రశ్న పట్టుకుని చదివితే తెలిసింది, ఖరీదైన అసలు బొమ్మలకు కూడా ఒక రోగం ఉంది. దాన్ని సేకరణదారులు గోల్డ్ ప్లాస్టిక్ సిండ్రోమ్ అంటారు. 1980ల చివర్లో, 1990లలో వచ్చిన కొన్ని రోబోలకు మెరుపు కోసం బంగారు రంగు ప్లాస్టిక్ వాడినారు. ప్లాస్టిక్ కరిగించి అందులో లోహంలాగా మెరిసే సన్నని రేకుపొడి కలిపేవాళ్లు. ఆ పొడి ఉన్న చోట ప్లాస్టిక్ ఒకదానికొకటి గట్టిగా అతుక్కోదు. ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి, బిస్కెట్ లాగా విరుగుతుంది. 1988లో జపాన్‌లో వచ్చిన బ్లాక్ జరాక్ ఈ రోగానికి బాగా పేరుపడ్డ బొమ్మ. పెట్టె తెరవకుండా దాచినవి కూడా మొదటిసారి తిప్పినప్పుడే విరిగినాయి.

ఇంకో సంగతి గమనించండి. మామూలు బొమ్మకైతే ఈ లోపం అంత తొందరగా బయటపడదు. ఇది తిప్పి ఆడుకునే బొమ్మ. బరువంతా కీలు మీద, పిన్ను మీద పడుతుంది. ఏ పనికోసం పుట్టిందో ఆ పని చేస్తేనే చస్తుంది.

మన ఆళ్లగడ్డ శిల్పుల పని చూసినవాళ్లకి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. శిల్పులు రాయిని సుత్తితో తట్టి మోత వింటారు. ఖంగుమంటే మంచి రాయి, బొద్దుగా పలికితే లోపల నెర్రె ఉన్నట్టు. విగ్రహం వందల ఏళ్లు నిలవాలి కాబట్టి ముందే పరీక్ష. రోబో చేసినవాళ్లు ఆ రోజు మెరుపు చూసుకున్నారు, ముప్పై ఏళ్ల తర్వాతది చూసుకోలేదు.

ఇక్కడే మాకు ఒక తేడా కనిపించింది. ఖరీదైన బొమ్మ విరిగితే దానికి రోగం పేరు పెట్టినారు, ఏ ఏడాది ఏ మోడల్‌కి ఏ ముక్క విరుగుతుందో రాసి పెట్టుకున్నారు. పేదోడి బొమ్మ విరిగితే "చీప్" అని ఒక్క మాటతో పక్కన పడేసినారు. విరగడం రెండింటికీ ఒకటే. చరిత్ర మాత్రం ఒకదానికే మిగిలింది.

మరి మన సొంత బొమ్మల సంగతి? గ్రూప్స్ పుస్తకాల్లో కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి కర్ర, ఏటికొప్పాక బొమ్మకు అంకుడు కర్ర, లక్క అని బట్టీ పడతాం. మంచిదే, ఆ పనివాళ్లకు దక్కాల్సిన గౌరవమే అది. కానీ జొన్నదంటు బెండుతో చేసిన ఎద్దులబండి, తాటికాయల చక్రాల బండి, తెగిన హవాయి చెప్పు కోసి చేసిన గీరలు ఏ పుస్తకంలో చదివినాం? జొన్నబండి వారం కూడా ఉండదు. ఆ సంగతి చేసిన అవ్వకీ తెలుసు, ఆడే పిల్లోడికీ తెలుసు. అందుకే ఎవరూ దాన్ని లోపం అనలేదు, మళ్లీ పంటకి మళ్లీ కొత్త బండి. ఇప్పుడు జొన్న వేసే చేన్లు తగ్గినాయి, చేసే చేతులూ తగ్గినాయి.

మా హాస్టల్ పిల్లలం ఒక నోటుబుక్కు పెట్టుకున్నాం. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు తాతల్ని, అవ్వల్ని మూడు ప్రశ్నలు అడుగుతాం. చిన్నప్పుడు దేంతో ఆడుకున్నారు? ఎవరు చేసిచ్చినారు? దాన్ని గోర్‌బోలిలో, ఎరుకల మాటలో, మన చెంచు ఇళ్లల్లో ఏమంటారు? మీరూ అడగండి. సెల్లులో ఫోటో తీసి, పేరు, ఊరు రాసి పెట్టండి. వీలైతే ఒక బండి చేయించుకుని, చేసే పద్ధతి కూడా నేర్చుకుని రండి.