పెన్‌డ్రైవ్‌తో విండోస్, లినక్స్ ఎక్కడం లేదా? ఎక్కడ ఆగిందో చూస్తే కారణం దొరుకుతుంది

బిలాస్‌పూర్ నుంచి రతన్‌పూర్ వెళ్లే దారిలో, అర్పా నది పక్కన ఉంటుంది కోని. గురు ఘాసీదాస్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ ఇక్కడే ఉన్నాయి. బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఈ లైన్ వెంబడి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉంటున్నాయి. విద్యార్థులు, రైల్వే ఉద్యోగులు పక్కపక్కనే ఉండే ఇలాంటి ఊళ్లలో పాత ల్యాప్‌టాప్‌లకు కొదవ ఉండదు. అక్క చదువు అయ్యాక తమ్ముడికి, తమ్ముడి నుంచి నాన్నకు చేతులు మారుతూనే ఉంటాయి.

అలాంటి కంప్యూటర్లకు 2025 అక్టోబర్ 14 తర్వాత కొత్త ఇబ్బంది వచ్చింది. ఆ రోజుతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. వ్యక్తిగత వినియోగదారులు ప్రత్యేకంగా నమోదు చేసుకుంటే మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు వస్తాయి. తర్వాత విండోస్ 11కు మారాలి, లేదా లినక్స్ వేసుకోవాలి, లేదా ఉన్నదానితోనే నెట్టుకురావాలి. మొదటి రెండింటిలో ఏది ఎంచుకున్నా పని ఎక్కువగా పెన్‌డ్రైవ్‌తోనే మొదలవుతుంది. తరచూ అక్కడే ఆగిపోతుంది కూడా.

ఆగిపోయినప్పుడు చాలామంది చేసే పని ఒకటే: పెన్‌డ్రైవ్ మళ్లీ తయారు చేయడం, అదీ కాకపోతే డిస్కులో ఉన్న పార్టిషన్లన్నీ తీసేసి మొదటి నుంచి ప్రయత్నించడం. మొదటి పనితో టైమ్ మాత్రమే పోతుంది. రెండో దానితో ఇంటి ఫొటోలు, ప్రాజెక్టు రిపోర్టులు, సర్వీసు కాగితాల స్కాన్లు పోతాయి. నిజానికి ఇన్‌స్టాలేషన్ ఏ దశలో ఆగిందన్నదే కారణాన్ని చాలావరకు చెప్పేస్తుంది. డిస్కు తుడవాల్సిన అవసరం చాలా సందర్భాల్లో ఉండదు.

ముందు డేటా సంగతి

విండోస్ ఇన్‌స్టాలర్‌లో పార్టిషన్ ఎంచుకుని ‘డిలీట్’ నొక్కితే అది తర్వాత ఎప్పుడో జరిగే పని కాదు, అప్పటికప్పుడే జరిగిపోతుంది. పాత హార్డ్ డిస్కుల్లో, పైన ఇంకేమీ రాయకుండా ఆపేస్తే, టెస్ట్‌డిస్క్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పోయిన పార్టిషన్‌ను వెనక్కి తెచ్చుకునే అవకాశం ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో ఆ ఆశ తక్కువ. ఫార్మాట్ అయిన చోటు ఖాళీ అని సిస్టమ్ చెప్పగానే ఎస్‌ఎస్‌డీ లోపలే దాన్ని తుడిచేసుకుంటుంది. ‘ట్రిమ్’ అనే ఈ ఏర్పాటు డిస్కు వేగం కోసం పెట్టింది. పోయిన ఫైళ్లకు మాత్రం అది శత్రువే.

పాత విండోస్ తెరుచుకోకపోయినా ఫైళ్లు బయటికి తీయడానికి ఒక తేలికైన దారి ఉంది. ఉబుంటు, మింట్ వంటి లినక్స్‌లను ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడపవచ్చు. ‘ట్రై’ అనే ఆప్షన్‌తో లోపలికి వెళ్లి, అవసరమైన ఫోల్డర్లను ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోవచ్చు. విండోస్ 11 వేసుకోవాలనుకునేవారికి కూడా లినక్స్ పెన్‌డ్రైవ్ ఒకటి దగ్గరుంటే మేలు.

అడ్డు వచ్చేది బిట్‌లాకర్. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే, వాడేవారికి తెలియకుండానే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ఇది మరిన్ని కంప్యూటర్లకు వచ్చింది. అలాంటి డిస్కును తెరవాలంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. బయోస్‌లో సెక్యూర్ బూట్ వంటి సెట్టింగ్ మార్చినా ఆ కీ అడగవచ్చు. సాధారణంగా అది యజమాని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. అక్క కాలేజీ రోజుల్లో తెరిచిన అకౌంట్ పాస్‌వర్డ్ ఇప్పుడు ఎవరికీ గుర్తులేకపోతే, ముందు దాన్ని తిరిగి తెచ్చుకున్నాకే మిగతా పని.

ఈ కీ విలువ 2024 జులై 19న ప్రపంచానికి తెలిసింది. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేతిరాతతో ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో అప్పట్లో వైరల్ అయింది. మరమ్మతు కోసం మైక్రోసాఫ్ట్ పెన్‌డ్రైవ్‌తో నడిచే టూల్ విడుదల చేసింది. కానీ డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్న అనేక సంస్థల్లో, కీలు వెతుక్కోవడమే అసలు పని కంటే పెద్ద పనైంది.

పెన్‌డ్రైవ్ అసలు బూట్ కాకపోతే

ఇక్కడ ఎక్కువసార్లు తప్పు పెన్‌డ్రైవ్ తయారీలోనే ఉంటుంది. ఐఎస్ఓ ఫైల్‌ను మామూలుగా కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పడేస్తే అది బూట్ కాదు. రూఫస్, బలేనా ఎచర్, మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్ వంటి వాటితో రాయాలి. ఎచర్ లినక్స్‌కు సరిపోతుంది, విండోస్‌కు కాదు. 8 జీబీ లేదా అంతకంటే పెద్దది వాడాలి. రాసేటప్పుడు అందులో ఉన్నదంతా పోతుంది.

విండోస్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. యూఈఎఫ్ఐ కంప్యూటర్లు బూట్ చేయడానికి అన్నిచోట్లా పనికొచ్చే ఫార్మాట్ ఫ్యాట్32. అందులో ఒక్క ఫైల్ 4 జీబీకి మించి పట్టదు. విండోస్ ఐఎస్ఓలోని ప్రధాన ఫైల్ ఇప్పుడు ఆ హద్దు దాటుతోంది. రూఫస్ దీన్ని ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌తో, పక్కనే ఒక చిన్న బూట్ పార్టిషన్‌తో దాటేస్తుంది. పాత రూఫస్ వెర్షన్లలో ఆ చిన్న భాగాన్ని సెక్యూర్ బూట్ ఒప్పుకునేది కాదు, కాబట్టి కొత్త వెర్షన్ వాడటమే మంచిది.

బూట్ మెనూ రావడానికి డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఏసస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్ కీ పనిచేస్తాయి. ఆ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్ఐ అని ఉన్నదాన్నే ఎంచుకోవాలి. దీన్ని నిర్లక్ష్యం చేస్తే తర్వాత డిస్కు దగ్గర ఇబ్బంది వస్తుంది.

‘సెక్యూరిటీ వయొలేషన్’ అని వస్తే

కంప్యూటర్ ఆన్ కాగానే, తనకు నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే సెక్యూర్ బూట్ నడవనిస్తుంది. పేరున్న లినక్స్‌లకు ఆ సంతకం ఉంటుంది. అయితే 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్, భద్రతా లోపాలున్న పాత లినక్స్ బూట్ ఫైళ్లను నిరోధించింది. విండోస్, లినక్స్ రెండూ ఉన్న కొన్ని కంప్యూటర్లలో లినక్స్ తెరుచుకోకుండా పోయింది. రెండేళ్ల కిందట రాసి పెట్టుకున్న పెన్‌డ్రైవ్ ఇప్పుడు పనిచేయకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. తాజా ఐఎస్ఓతో కొత్తగా రాస్తే సరిపోతుంది. సెక్యూర్ బూట్ ఆపేయడం చివరి మార్గం, అదీ బిట్‌లాకర్ కీ చేతిలో ఉన్నప్పుడే.

డిస్కు కనిపించకపోతే

ఎక్కువమందిని బెదరగొట్టేది ఈ దశే. ఇన్‌స్టాలర్ బాగానే తెరుచుకుంటుంది, భాష అడుగుతుంది. ఎక్కడ వేయాలి అనేసరికి ఒక్క డిస్కూ చూపించదు. ఎస్‌ఎస్‌డీ పోయిందనుకుని కొత్తది కొనేవారూ ఉన్నారు. బయోస్‌లో ఆ ఎస్‌ఎస్‌డీ పేరు కనిపిస్తే అది బాగానే ఉన్నట్టు.

ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లు, ఆ తర్వాతి వాటితో వచ్చిన అనేక ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే ఏర్పాటు ఆన్ చేసి ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ దాని వెనుక ఉండటంతో, సరైన డ్రైవర్ లేని ఇన్‌స్టాలర్‌కు కనిపించదు. ల్యాప్‌టాప్ తయారీ సంస్థ సైట్ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ తెచ్చి, విడదీసి, అదే పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌గా పెట్టి, ‘లోడ్ డ్రైవర్’ దగ్గర చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది. బయోస్‌లో వీఎండీ ఆపేసినా కనిపిస్తుంది. కానీ పాత విండోస్‌ను ఉంచుకుంటూ పక్కన లినక్స్ వేయాలనుకునేవారు అలా ఆపేస్తే ఆ విండోస్ తెరుచుకోకపోవచ్చు. యూట్యూబ్ వీడియోలు చాలావాటిలో ఈ హెచ్చరిక వినిపించదు.

‘మీడియా డ్రైవర్ లేదు’ అనే సందేశాన్ని మాత్రం ఉన్నదున్నట్టుగా నమ్మనక్కర్లేదు. దించుకున్న ఐఎస్ఓ చెడిపోయినా, పెన్‌డ్రైవ్‌ను ఇన్‌స్టాలర్ గుర్తించని పోర్టులో పెట్టినా అదే సందేశం వస్తుంది. విండోస్ 7కు యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు తనలో లేవు కాబట్టి నీలి రంగు పోర్టులో అది తరచూ ఇలాగే తడబడేది. డ్రైవర్ల వేటకు ముందు పోర్టు మార్చి చూడటానికి నిమిషం పడుతుంది.

డిస్కు కనిపించి, ‘జీపీటీ’ లేదా ‘ఎంబీఆర్’ పద్ధతిలో ఉంది, ఇన్‌స్టాల్ కాదు అంటే తప్పు డిస్కుది కాదు. పెన్‌డ్రైవ్ బూట్ అయిన పద్ధతి వేరు, డిస్కు పద్ధతి వేరు. యూఈఎఫ్ఐకి జీపీటీ, పాత బయోస్‌కు ఎంబీఆర్ జత. వెనక్కి వెళ్లి బూట్ మెనూలో రెండో పేరును ఎంచుకుంటే చాలాసార్లు సర్దుకుంటుంది. సలహా అడిగితే ‘డిస్కు మొత్తం క్లీన్ చేయండి’ అని వచ్చేదీ ఇక్కడే, డేటా పోయేదీ ఇక్కడే.

సగంలో ఆగిపోతే

60 శాతం దగ్గరో, 80 శాతం దగ్గరో ఫైల్ చదవలేకపోయానని ఎర్రర్ వస్తే ముందుగా ఐఎస్ఓను అనుమానించాలి. డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన షా-256 సంఖ్యతో మన ఫైల్ సంఖ్యను పోల్చాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైల్ పనికిరాదు. ఆ సంఖ్య సరిపోతే తర్వాతి అనుమానం పెన్‌డ్రైవ్ మీదికి వెళ్తుంది. 128 జీబీ అని ముద్రించి లోపల 8 జీబీ చిప్ పెట్టిన నకిలీలు చవకగా దొరుకుతాయి. మొదటి కొన్ని జీబీలు బాగానే రాసుకుని, ఆపైన రాసినదాన్ని పారబోస్తాయి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 ఈ మోసాన్ని బయటపెడతాయి. ఇవన్నీ సరిగ్గా ఉండి, ప్రతిసారీ వేర్వేరు చోట్ల ఆగుతుంటే ర్యామ్‌ను మెమ్‌టెస్ట్‌తో పరీక్షించాలి.

‘ఈ పీసీ విండోస్ 11ను నడపలేదు’ అన్నది లోపం కాదు, నిబంధన. టీపీఎం 2.0, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం నుంచి ప్రాసెసర్ కావాలి. టీపీఎం చాలా కంప్యూటర్లలో ఉండి కూడా బయోస్‌లో ఆఫ్ అయి ఉంటుంది. ప్రాసెసరే పాతదైతే లినక్స్ మేలు. తెలుగు తెర కావాలనుకునేవారికి సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ ఉంది, ఉబుంటు కూడా తెలుగులో కనిపిస్తుంది.

అంతా అయ్యాక మళ్లీ మొదటికే వస్తే

ఫైళ్లు కాపీ అవుతాయి, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, మళ్లీ భాష అడిగే తెర వస్తుంది. ఇన్‌స్టాలేషన్ ఫెయిల్ కాలేదు, కంప్యూటర్ ఇంకోసారి పెన్‌డ్రైవ్ నుంచే మొదలైంది. మొదటి రీస్టార్ట్ కాగానే పెన్‌డ్రైవ్ లాగేస్తే చాలు.

దీనికి పూర్తి వ్యతిరేకమైనదీ ఉంది. లినక్స్ వేశాక పెన్‌డ్రైవ్ ఉంటేనే కంప్యూటర్ తెరుచుకుంటుంది, తీస్తే ‘బూట్ డివైస్ లేదు’ అంటుంది. రెండు డిస్కులున్నప్పుడో, లినక్స్‌ను ఇంకో పెన్‌డ్రైవ్‌లో వేసినప్పుడో బూట్‌లోడర్ వేరే డిస్కులోకి వెళ్లడం వల్ల ఇలా జరుగుతుంది. ఉబుంటు పాత ఇన్‌స్టాలర్‌లో ఈ లోపం చాలాకాలం ఉంది. లినక్స్ మొత్తం మళ్లీ వేయనక్కర్లేదు. లైవ్ పెన్‌డ్రైవ్‌తో తెరిచి, బూట్‌లోడర్‌ను సరైన డిస్కులోని ఈఎఫ్ఐ పార్టిషన్‌లోకి ఇంకోసారి రాస్తే చాలు. ఇది సొంతంగా చేయలేక సర్వీసు షాపుకు తీసుకెళ్లేవారు ‘ఫార్మాట్ చేయండి’ అనకూడదు. ‘బూట్‌లోడర్ మాత్రమే సరిచేయండి, డిస్కు ముట్టుకోవద్దు’ అని చెప్పి, ఆ మాట రసీదు మీద రాయించుకోవాలి.