అస్థికలూ, మణులూ, వేలంపాటా

వేలంపాట అనగానే నాకు మా ఊరి రామాలయం ముందరి మంటపం గుర్తుకు వస్తుంది. ఏటా వేసవిలో అక్కడ దేవుడి మాన్యం కౌలుకు పాట జరిగేది. దేవాదాయ శాఖ ఉద్యోగి ఒక కుర్చీలో కూర్చునేవాడు. ఊరివాళ్ళంతా చుట్టూ మూగేవారు. పాట ఒక మొత్తం దగ్గర నిలిచిపోయాక "ఒకటోసారి... రెండోసారి..." అని పిలిచి, మూడోసారి అనే ముందు ఆయన కాసేపు ఆగేవాడు. ఆ కాస్త వ్యవధిలో పిల్లలం మేము కూడా ఊపిరి బిగబట్టేవాళ్ళం. పాడుతున్నది భూమిని కాదనీ, ఆ భూమిని ఒక ఏడాది సాగుచేసుకునే హక్కును మాత్రమేననీ, దేవుడి భూమి ఎప్పటికీ దేవుడిదేననీ మా తాతగారు చెప్పేవారు. అమ్మదగినదీ అమ్మదగనిదీ అనే భేదం నాకు మొదట తెలిసింది ఆ మంటపం దగ్గరే.

2025 మే నెలలో ఒక వార్త చదివినప్పుడు ఆ మాట మళ్ళీ జ్ఞాపకం వచ్చింది. మే 7వ తేదీన హాంకాంగ్‌లో సోథెబీస్ అనే ప్రసిద్ధ వేలం సంస్థ మూడు వందలకు పైగా మణులను పాటకు పెట్టనున్నదని ఆ వార్త. అవి ఏ రాజకుటుంబపు నగలో అయితే నేను పట్టించుకునేవాణ్ణి కాను. అవి బుద్ధుని అస్థికలుగా భావింపబడే ఎముకల ముక్కలతో, చితాభస్మంతో కలిసి ఒకే రాతిపెట్టెలో దొరికిన మణులు. పది కోట్ల హాంకాంగ్ డాలర్ల దాకా పలుకుతాయని పత్రికలు రాశాయి. ఈ మణుల కథను మొదటినుంచీ చెప్పుకోవాలని నాకు అనిపించింది. అందులో మన భట్టిప్రోలుకు కూడా కొంత చోటుంది.

నేపాల్ సరిహద్దుకు సమీపంలో, నేటి ఉత్తరప్రదేశ్‌లోని సిద్ధార్థనగర్ జిల్లాలో, పిప్రహ్వా అనే గ్రామం ఉన్నది. ఆ ప్రాంతంలోని బర్డ్‌పూర్ ఎస్టేటును నడుపుతున్న విలియం క్లాక్స్టన్ పెప్పే అనే ఇంగ్లీషు దొర 1898 జనవరిలో అక్కడి ఒక ఇటుకల దిబ్బను తవ్వించాడు. దిబ్బ లోపల స్తూపం, స్తూపం గర్భంలో ఒక పెద్ద రాతిపెట్టె బయటపడ్డాయి. పెట్టెలో మెత్తని రాతితో చేసిన భరిణెలు, చేప ఆకారపు పిడి ఉన్న ఒక స్ఫటికపు భరిణె ఉన్నాయి. వాటిలో ఎముకల ముక్కలు, బూడిద. వాటితోపాటు దాదాపు పద్దెనిమిది వందల మణులు, ముత్యాలు, పగడాలు, బంగారు రేకులు. పుష్యరాగాలను, ఎర్రని కార్నేలియన్ రాళ్ళను, ఊదారంగు అమెథిస్టులను చిన్న చిన్న పూలుగా, ఆకులుగా చెక్కారు.

ఒక భరిణె మూత చుట్టూ బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనం ఉన్నది. దాని అన్వయం మీద పండితులు చాలాకాలం వాదించుకున్నారు. ఎక్కువమంది అంగీకరించిన అర్థం ప్రకారం, ఇది బుద్ధ భగవానుని ధాతునిక్షేపం. దీన్ని అర్పించినవారు శాక్యులైన సుకితి అన్నదమ్ములు, తమ అక్కచెల్లెళ్ళతో, భార్యాబిడ్డలతో కలిసి. ఒక కుటుంబమంతా కూడి చేసిన సమర్పణ అది.

పిప్రహ్వా దిబ్బ తవ్వేనాటికే ఆ చుట్టుపక్కల ధాతువుల వ్యాపారం ఒకటి సాగుతూ ఉండేది. పురావస్తు శాఖలోనే ఉద్యోగి అయిన ఆంటన్ ఫ్యూరర్ అనే జర్మన్ పండితుడు ఊ మా అనే బర్మా భిక్షువుకు దొంగ ధాతువులను అంటగట్టిన సంగతి అదే సంవత్సరం బయటపడి అతని ఉద్యోగం పోయింది. ఆ మచ్చ వల్ల పిప్రహ్వా శాసనాన్ని కూడా కొందరు అనుమానించారు. తరువాతి లిపి పండితులు అది నిజమైనదేనని సమర్థించారు. 1971-73 మధ్య కె.ఎం. శ్రీవాస్తవ నాయకత్వంలో జరిగిన తవ్వకాలలో అదే స్తూపం కింద, ఇంకా లోతున, మరికొన్ని ధాతుపాత్రలు దొరికాయి.

ఇక అసలు విషయం. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయల విలువకు మించిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. దాని ప్రకారమే పిప్రహ్వా నిధి ప్రభుత్వం చేతికి వెళ్ళింది. ప్రభుత్వం దాన్ని మూడు భాగాలు చేసింది. ఎముకలను, భస్మాన్ని సయాం రాజు చులాలాంగ్‌కార్న్‌కు బహూకరించింది. ఆయన బర్మా, సింహళ బౌద్ధులకు కూడా భాగమిచ్చి, తన వంతును బాంకాక్‌లోని స్వర్ణగిరి ఆలయంలో ప్రతిష్ఠించాడు. భరిణెలు, మణులలో అధికభాగం కలకత్తా ఇండియన్ మ్యూజియానికి చేరాయి. సుమారు అయిదో వంతు మణులను నకళ్ళుగా ఎంచి తవ్వించిన దొరకే వదిలేశారు. 2025లో పాటకు వచ్చినవి ఆయన వారసుల చేతిలో ఉన్న ఆ నకళ్ళే.

ఈ 'నకలు' అనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మ్యూజియం లెక్కలో ఒక్కొక్క రకానికి ఒకటో రెండో నమూనాలు ఉంటే చాలు, తక్కినవి అదనం. కాని రెండువేల ఏళ్ళకు పైబడిన కాలంలో ఎవరో శిల్పి ఒక్కొక్క రాయినీ పట్టుకుని అరగదీసి చెక్కిన పువ్వుకు నకలు ఏమిటి? సుకితి కుటుంబం ఈ ఎముక పవిత్రం, ఈ మణి అలంకారం అని వేరుచేసి పెట్టలేదు. బూడిదలో మణులు కలిపి, ఒకే పెట్టెలో ఉంచి, మూతవేసి, మీద స్తూపం కట్టారు. బౌద్ధులకు ధాతువుతో కలిపి నిక్షేపించిన మణి కూడా ధాతువుతో సమానమే. దాన్ని పూజావస్తువు, ప్రదర్శనవస్తువు, మిగులు అని మూడు పేర్లతో విడదీసింది 1898 తరువాతి దస్త్రాలు. మూడవ పేరు పెట్టిన నాడే ఒకటోసారి పాట పిలిచినట్టు అయింది. మూడోసారి పిలవడానికి నూట ఇరవై ఏడేళ్ళు పట్టిందంతే.

ఇప్పుడు భట్టిప్రోలు సంగతి. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైల్లో మా మేనమామగారి ఊరికి వెళ్తూ చిన్నప్పుడు ఆ స్టేషను చాలాసార్లు దాటాను. దిబ్బను మాత్రం పెద్దయ్యాకే చూశాను. నేడు బాపట్ల జిల్లాలో ఉన్న ఆ స్తూపం పిప్రహ్వా కంటే ముందే లోకానికి తెలిసింది. అప్పటికే దాని ఇటుకలను, పాలరాళ్ళను రోడ్లకూ, వెల్లటూరు లాకుకూ వాడేశారు. మిగిలిన దిబ్బలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపితే, శాసనాలున్న మూడు రాతి మంజూషలు దొరికాయి. లోపల స్ఫటికపు భరిణె, అస్థిక, బంగారు పూలు, ముత్యాలు, పూసలు ఉన్నాయి. శాసనాలను గేయార్గ్ బ్యూలర్ పరిష్కరించాడు. కుబిరకుడనే రాజు పేరు వాటిలోనిదే. నన్ను ఆకట్టుకున్నది మాత్రం రాజు పేరు కాదు. ఒక మంజూష మీద దాతలను కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు అని చెప్పారు. బుద్ధుని శరీరధాతువులను ఉంచడానికి మంజూషనూ స్ఫటికపు భరిణెనూ వారు ఇచ్చారు. అక్కడ సుకితి కుటుంబం, ఇక్కడ కురుని కుటుంబం. ఎక్కడి హిమాలయ పాదం, ఎక్కడి కృష్ణా డెల్టా! చేసిన పని ఒక్కటే: ఇంటిల్లిపాదీ కలిసి తమకున్న మేలైన వస్తువును, ఇక ఎవరికీ కనబడకుండా, మట్టికి అప్పగించారు.

రీ ప్రభుత్వోద్యోగి కనుక భట్టిప్రోలు నిధిలో ఎవరి వాటా అనే ప్రశ్న రాలేదు. కాని విడదీయడం మాత్రం అక్కడా తప్పలేదు. మంజూషలు మద్రాసు మ్యూజియానికి వెళ్ళాయి. ధాతువును 1920లో కలకత్తాలోని మహాబోధి సొసైటీకి ఇచ్చి ధర్మరాజిక చైత్య విహారంలో ప్రతిష్ఠించారు. కాబట్టి వేలం సంస్థలను నిందించి ఊరుకుంటే సరిపోదని నా అభిప్రాయం. విడదీసిన వస్తువు ఏనాటికైనా అంగడికి చేరవచ్చు. భట్టిప్రోలువి చేరలేదంటే, అవి సంస్థల చేతిలో ఉండటమే కారణం.

పురావస్తువుల వర్తకంలో అన్నిటికంటే విలువైన కాగితం ఆ వస్తువు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పే పూర్వచరిత్ర. ఆ కాగితం ఎంత సులువుగా మోసం చేయగలదో చూపడానికి మన ప్రకాశం జిల్లా చందవరమే సాక్షి. చందవరం స్తూపంలోని బుద్ధారాధకుల శిలాఫలకం ఒకటి దొంగల పాలై, 2005లో న్యూయార్క్ వర్తకురాలి ద్వారా ఆస్ట్రేలియా జాతీయ కళాశాలకు చేరింది. ధర 5,95,000 డాలర్లు. అది ఎన్నడో 1960లలోనే చేతులు మారినట్టు కాగితాలు చెప్పాయి. ఆ తరువాత అది చందవరంలో ఉన్నప్పటి ఫొటో బయటపడటంతో కాగితాల బండారం తేలిపోయి, 2016లో ఫలకం భారతదేశానికి తిరిగి వచ్చింది.

పిప్రహ్వా మణుల సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. వాటి పూర్వచరిత్రలో రహస్యం లేదు. ఎవరు తవ్వారో, ఎవరికి ఎంత ఇచ్చారో దస్త్రాలలో ఉన్నది. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన జరిగినప్పుడు, మన ఫణిగిరి శిల్పాలున్న ఆ ప్రదర్శనలోనే ఈ మణులను కూడా చూపారు. మన 1972 పురావస్తు చట్టం వందేళ్ళు దాటిన వస్తువులను దేశం దాటించరాదంటుంది. ఇవి అంతకు ఎంతోముందే దాటిపోయాయి. 1970 నాటి యునెస్కో ఒప్పందం కూడా గతానికి వర్తించదు. దొంగసొమ్మైతే పట్టుకోవచ్చు. ప్రభుత్వమే చేతికిచ్చిన సొమ్మును ఏమనాలి? బౌద్ధుల చేతికి వీటిని చేర్చడానికి బహిరంగ వేలమే న్యాయమైన మార్గమని తవ్వించిన దొర మునిమనుమడు వాదించాడు. ఆ మాటను నేను తేలికగా తీసివేయను. చాటుగా అమ్ముకోవడం కంటే నలుగురిలో పాడటం మేలే.

కాని మా ఇంట్లో ఒక సాలగ్రామం ఉండేది. మా తాతగారు దాన్ని తన గురువు గారి దగ్గర పుచ్చుకున్నారు. అవసానకాలంలో మా పెద్దనాన్నగారికి ఇచ్చారు. ఇత్తడి గంగాళాలు, పందిరి మంచం కష్టకాలంలో అమ్మారు, ఎవరూ తప్పు పట్టలేదు. సాలగ్రామానికి మాత్రం వెల కట్టకూడదు. అది ఇచ్చేదీ, పుచ్చుకునేదీ. అలాగని వేలంపాట మనకు అపచారమేమీ కాదు. బాలాపూర్ గణేశుని లడ్డును 1994 నుంచి వేలం వేస్తున్నారు. మొదటి ఏడాది 450 రూపాయలు పలికింది. అది భక్తుడు దేవుడికి ఇవ్వడానికి పాడే పాట, సొమ్ము ఊరికి చెందుతుంది. మా ఊరి మాన్యం పాటా అటువంటిదే. ఎవరు పాడినా వస్తువు దేవుడి నుంచి విడిపోదు. హాంకాంగ్ పాటలో విడిపోయేది అదే. అక్కడ సొమ్ము సుకితి కుటుంబానికి గాని, స్తూపానికి గాని చెందదు. మణులు ఎవరి ఇనప్పెట్టెలోకి పోతాయో పాట ముగిసేదాకా తెలియదు.

తరువాతి కథ పాఠకులకు తెలిసినదే. భారత ప్రభుత్వం పాటకు రెండు రోజుల ముందు లీగల్ నోటీసు పంపింది. అనేక దేశాల బౌద్ధులు నిరసన తెలిపారు. వేలం వాయిదా పడింది. చివరకు గోద్రెజ్ ఇండస్ట్రీస్ సంస్థ ఆ మణులను కొనుగోలు చేయగా, 2025 జూలై 30న అవి స్వదేశం చేరాయి. ధర ప్రకటించలేదు. అధికభాగాన్ని అయిదేళ్ళపాటు నేషనల్ మ్యూజియానికి అరువిచ్చే ఏర్పాటు జరిగింది. 2026 జనవరిలో ఢిల్లీలోని రాయ్ పిథోరా ప్రాంగణంలో, కలకత్తా భాగంతో కలిపి వాటిని ప్రదర్శించారు. ఒకే పెట్టెలోని మణులు శతాబ్దం పైచిలుకు తరువాత ఒకే కప్పు కింద చేరాయి.

సంతోషించదగిన విషయమే. నేనూ సంతోషించాను. కాని ఈ రాక దానం వల్ల జరగలేదు, తీర్పు వల్లా జరగలేదు; కొనడం వల్ల జరిగింది. మణులకు ఇంకా ఒక యజమాని ఉన్నాడు, అరువుకు ఒక గడువు ఉన్నది. అమ్మరాదని నోటీసు ఇచ్చిన వస్తువే అమ్మకం ద్వారా ఇల్లు చేరింది. రేపు మరొక ఇంటి పెట్టెలోంచి మరొక 'నకలు' బయటికి వస్తే, దానికి వెల కట్టడానికి ఇదే ఉదాహరణ అవుతుందేమోనని నా సందేహం.

కిందటి సంక్రాంతికి భట్టిప్రోలులో దిగి దిబ్బ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. కంచె లోపల ఇటుకల వలయం ఉన్నది. కురుని తల్లి ఇచ్చిన మంజూషను చూడాలంటే చెన్నై వెళ్ళాలి. ఆ మంజూష ఎవరి ధాతువు కోసం చేసిందో దానికి నమస్కరించాలంటే కలకత్తా వెళ్ళాలి. కాసేపు అక్కడే కూర్చుని, సాయంత్రం బండికి తెనాలి వచ్చేశాను.