పంచాంగం మీద వేలిముద్ర

పేటలో ఏదైనా ఘోరం జరిగితే మర్నాటికల్లా మనందరి నోటా ఒకటే మాట: "ఇంకా ఎవర్నీ పట్టుకోలేదటమ్మా! పోలీసులు ఏం చేస్తున్నట్టు?" నేనూ అన్నదాన్నే. అందుకే ఒక పాత సంగతి చెబుతాను, వినండి.

1897లో బెంగాల్లోని జల్పాయిగురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. డబ్బు పోయింది. వంటవాడి బట్టల మీద నెత్తురు మరకలు కనిపించాయి. పావురాన్ని కోసినప్పటివి బాబూ అన్నాడతను. మనమైతే నమ్మేవాళ్లమా? ఆ పూటే సంకెళ్లు వేయమనేవాళ్లం!

అయితే మేనేజరు కాగితాల్లో ఒక బెంగాలీ పంచాంగం దొరికింది. దాని మీద మసకగా వేలిముద్ర. కలకత్తాలో ఆ ఏడే వేలిముద్రల కార్యాలయం వెలిసింది. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మనవాళ్లు ముద్రలను వర్గాలుగా విడదీసే పద్ధతికి ఎంతో పాటుపడ్డారు. అక్కడి ముద్రలతో పోల్చి చూస్తే, అది మేనేజరు పాత నౌకరు కంగాలీ చరణ్ కుడి బొటనవేలిది. దొంగతనానికి అంతకుముందే జైలుకెళ్లినవాడు. అప్పుడు పట్టుకున్నారు.

అంతా అయ్యాక కూడా, 1898లో కోర్టు దొంగతనానికే శిక్ష వేసింది. చంపడం చూసినవారు లేరు గనుక హత్యానేరం నిలవలేదు.

ఈనాడు మన రాజ్యాంగం ప్రకారం అరెస్టయిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. చేతిలో ఆధారం లేకుండా ఏం చెబుతారు?

అశ్రద్ధవల్ల జరిగే జాప్యాన్ని నేను సమర్థించను. కాని, తొందరపడి వేలెత్తి చూపేముందు ఆ వంటవాణ్ణి ఒక్కసారి తలుచుకుందాం.